ఆజ్ఞలు కంఠతా వచ్చు, చెప్పుకోవడమే రాదు: కథోలిక ఇళ్లలో పిల్లల చదువు చరిత్ర, అందులో మనకున్న పాఠం



ఈసారి పోస్టు కొంచెం పొడుగే. విషయం కూడా మన గ్రూపులో మామూలుగా వచ్చేది కాదు. కథోలిక కుటుంబాల్లో పిల్లలకు మత నియమాలు ఎలా నేర్పారు, తమను తాము కాపాడుకోవడం ఎప్పటి నుంచి నేర్పారు అన్నదాని చరిత్ర ఇది. "ఇది మనకెందుకన్నా?" అని అడిగేవాళ్లకు రెండు జవాబులు చెప్తాను.

ఒకటి, మనలోనే ఆర్‌సీఎం బడుల్లో, సిస్టర్ల హాస్టళ్లలో చదువుకున్నవాళ్లు ఉన్నారు. ఇంట్లో జపమాల చెప్పుకునేవాళ్లూ ఉన్నారు. రెండోది ఇంకా ముఖ్యం. మనలో చాలామందిమి ఐదారేళ్లకే అమ్మని వదిలి హాస్టల్‌కి వచ్చినోళ్లం. ఇంటికి దూరంగా, పెద్దోళ్ల మాట వినడమే మంచితనం అని నేర్చుకున్న పిల్లలకు ఏం జరగొచ్చో చాలా వివరంగా రాతలోకి ఎక్కిన చరిత్ర ఇది. అది చదివితే మన తమ్ముళ్లకీ చెల్లెళ్లకీ ఏం నేర్పాలో తెలుస్తుంది.

ముందే ఇంకో మాట. ఇది ఏ మతాన్నీ తిట్టడానికి రాసింది కాదు. పిల్లల మీద అఘాయిత్యాలు ఇళ్లలో, సర్కారు బడుల్లో, ఆశ్రమాల్లో, ఆటల క్లబ్బుల్లో, అన్నిచోట్లా జరిగాయి. కథోలిక చర్చిలో నియమాలూ రాసి ఉంటాయి, రికార్డులూ దాచి ఉంటాయి. కాబట్టే ఇన్నేళ్ల తర్వాత కూడా ఏం జరిగిందో చూడగలుగుతున్నాం.

ప్రశ్న, జవాబు

కథోలికులు పిల్లలకు మతం నేర్పే చదువుని మన తెలుగు విచారణల్లో జ్ఞానోపదేశం అంటారు. ఊళ్లో అది నేర్పే మనిషి ఉపదేశి. ఆ చదువు వందల ఏళ్లు దాదాపు ఒకే పద్ధతిలో నడిచింది: పెద్దవాళ్లు ప్రశ్న అడుగుతారు, పిల్లలు జవాబు అప్పజెప్తారు.

ఈ పద్ధతికి ఊపు వచ్చింది యూరప్‌లో అచ్చుయంత్రం వచ్చాక. 1529లో మార్టిన్ లూథర్ ఇంటి పెద్ద తన పిల్లలకు చెప్పుకోవడానికి వీలుగా ఒక చిన్న జ్ఞానోపదేశం అచ్చేశాడు. అది చూసి కథోలికులు కూడా కదిలారు. జెసూట్ గురువు పీటర్ కనీసియస్ 1555 నుంచి ప్రశ్నోత్తరాల పుస్తకాలు తెచ్చాడు. ట్రెంట్ మహాసభ ముగిశాక 1566లో రోములో గురువుల కోసం ఒక పెద్ద జ్ఞానోపదేశం వచ్చింది. అమెరికాలో 1884లో బాల్టిమోర్‌లో మేత్రాణులంతా కూర్చుని నిర్ణయించిన మీదట 1885లో బాల్టిమోర్ జ్ఞానోపదేశం వచ్చింది. తర్వాత సుమారు ఎనభై ఏళ్లు అమెరికాలో కథోలిక పిల్లలు దాన్నే బట్టీ పట్టారు. ఈ లోకాన్ని ఎవరు చేశారు అన్న ప్రశ్నతో మొదలై, పది ఆజ్ఞల మీదుగా, చావు, తీర్పు దాకా వెళ్తుంది.

ఇందులో మనం పట్టుకోవాల్సింది నాలుగో ఆజ్ఞ. తల్లిదండ్రులను గౌరవించు అన్నది కథోలికుల లెక్కలో నాలుగోది. (బాప్టిస్టు సంఘాల లెక్కలో ఐదోది.) జ్ఞానోపదేశం ఈ ఆజ్ఞని అమ్మానాన్నల దగ్గరే ఆపలేదు. మేత్రాణులు, విచారణ గురువులు, టీచర్లు, అధికారులు, వీళ్లందరికీ విధేయత చూపాలని అదే ఆజ్ఞ కింద నేర్పింది. ఒక్క మినహాయింపు మాత్రం ఉంది. పెద్దవాళ్లు చెప్పింది పాపం అయితే వినక్కర్లేదు.

ఆ మినహాయింపు పుస్తకంలో ఉన్న మాట నిజం. కానీ ఏడేళ్ల పిల్లకి దాన్ని ఎలా వాడాలో ఎవరు చెప్పారు? ఏది పాపమో చెప్పే మనిషే గురువుగారు. ఆయనే ఏదైనా చెయ్యమంటే అది పాపమని పిల్ల ఎలా తేల్చుకోవాలి? వద్దు అని ఏ గొంతుతో అనాలి? అన్నాక ఎవరి దగ్గరికి పరుగెత్తాలి? ఆ పుస్తకంలో వీటికి ప్రశ్న లేదు, జవాబూ లేదు. నియమం అచ్చులో ఉంది, దాన్ని వాడుకునే దారి మాత్రం అచ్చు కాలేదు.

ఇంట్లో కూడా ఇదే వాతావరణం. సాయంత్రం జపమాల, భోజనానికి ముందు ప్రార్థన, ఆదివారం పూజ. గురువుగారు ఇంటికి వస్తే పండగ. ఉన్నంతలో మంచి వంట, మంచి కుర్చీ. ఆయన పిల్లాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుంటే ఇంటికే గౌరవం. పేద కుటుంబాలకు ఆ పలకరింపే పెద్ద ఆసరా. ఇందులో తప్పేమీ లేదు, చాలామంది గురువులు ఆ నమ్మకానికి తగ్గట్టే బతికారు. కానీ చెడ్డ ఉద్దేశం ఉన్నవాడు ఒక్కడు ఆ కుర్చీలో కూర్చుంటే, అతన్ని అనుమానించడానికి ఆ ఇంట్లో ఎవరి దగ్గరా మాట లేదు.

ఏడేళ్లకే పాపసంకీర్తనం

1910 ఆగస్టు 8న పదవ పయస్ పోపుగారి హయాంలో ఒక ఆజ్ఞాపత్రం వచ్చింది. అప్పటిదాకా చాలా దేశాల్లో పిల్లలు పది నుంచి పద్నాలుగేళ్ల మధ్య మొదటి దివ్యసత్ప్రసాదం తీసుకునేవాళ్లు. ఇక నుంచి మంచీ చెడూ తెలిసే వయసు, అంటే సుమారు ఏడేళ్లు వస్తే చాలన్నారు. పిల్ల సిద్ధంగా ఉందో లేదో చూడాల్సింది ముందు ఇంటివాళ్లూ, పాపసంకీర్తనం వినే గురువూ అని చెప్పారు. పిల్లల్ని దేవుడికి దూరంగా ఉంచకూడదు అన్నది దాని ఉద్దేశం. చాలా కుటుంబాలు సంతోషించాయి. తెల్ల గౌను, పూల కిరీటం, ఫొటో అన్నీ ఇంటి పండగలయ్యాయి.

సత్ప్రసాదానికి ముందు పాపసంకీర్తనం ఉంటుంది. పిల్ల ఒక్కో ఆజ్ఞనీ వరసగా తలుచుకుని తనని తాను పరీక్షించుకోవాలి. అబద్ధం ఆడానా? చెల్లిని కొట్టానా? అమ్మకి ఎదురు చెప్పానా? ఆరో ఆజ్ఞ దగ్గరికి వచ్చేసరికి, అపవిత్రమైన పనులు చేశానా, చూశానా?

ఇప్పుడు ఆలోచించండి. ఒక పెద్దమనిషి ఆ పిల్లని ముట్టుకోకూడని చోట ముట్టుకున్నాడు. జరిగిన దాన్ని ఏ పేరుతో పిలవాలో పిల్లకి తెలీదు. తెలిసిన మాట ఒక్కటే, ఆరో ఆజ్ఞ. కాబట్టి జరిగింది తన పాపం అనుకుంటుంది. అవతలివాడు చేసిన నేరాన్ని తన పాపాల లెక్కలో రాసుకుంటుంది. వేర్వేరు దేశాల్లో విచారణ సంఘాల ముందు నలభై, యాభై ఏళ్లు దాటిన మనుషులు వచ్చి మళ్లీ మళ్లీ చెప్పిన మాట ఇదే: తప్పు నాదే అనుకున్నాను.

ఇక్కడే ఇంకో గందరగోళం. పాపసంకీర్తనంలో విన్నది బయటపెట్టకూడదన్న నియమం గురువుకి. చెప్పుకున్న మనిషికి ఆ నియమం లేదు. అక్కడ ఏం జరిగిందో ఆ పిల్ల అమ్మకైనా, పోలీసుకైనా చెప్పొచ్చు. ఈ తేడా విడమరిచి చెప్పకపోతే చిన్న పిల్లకి ఎలా తెలుస్తుంది? ఆ గదిలో మాట ఆ గదిలోనే ఉండాలి అనుకుంటుంది.

మరియా గొరెట్టి కథని ఎలా చెప్పారు

కథోలిక ఇళ్లలో ఆడపిల్లలకు తప్పకుండా చెప్పే కథ మరియా గొరెట్టిది. 1890లో ఇటలీలో ఒక పేద రైతు ఇంట్లో పుట్టింది. బతుకుదెరువు కోసం కుటుంబం రోముకి దక్షిణాన ఉన్న చిత్తడి నేలలకి వలస వచ్చింది. తండ్రి మలేరియాతో పోయాడు. తల్లి పొలం పనికి పోతే ఇల్లు, చిన్న పిల్లలు మరియా మీద పడ్డారు. అదే ఇంట్లో సెరెనెల్లి అనే తండ్రీ కొడుకులు కూడా కాపురం ఉండేవాళ్లు. కొడుకు అలెస్సాండ్రో ఆమెని వేధించాడు, ఎవరికైనా చెప్తే చంపుతానని బెదిరించాడు. 1902 జూలై 5న ఆమె ఒప్పుకోలేదని కత్తితో పొడిచాడు. మర్నాడు ఆస్పత్రిలో చనిపోయింది. పదకొండేళ్లు. పోయే ముందు అతన్ని క్షమించింది. అతను 27 ఏళ్లు జైల్లో ఉన్నాడు. 1950లో పన్నెండవ పయస్ పోపుగారు ఆమెని పునీతురాలిగా ప్రకటించినప్పుడు తల్లి బతికే ఉంది, ఆ వేడుక కళ్లారా చూసింది.

ఆ పిల్ల ధైర్యాన్ని ఎవరూ కాదనలేరు. కానీ బడుల్లో, ఇళ్లలో కథ ఎక్కువగా ఒకే రకంగా చెప్పారు: పాపం చెయ్యడం కన్నా చావడం మేలని ఎంచుకుంది అని. అది విన్న పిల్లల్లో ఎదిరించలేక బతికి బయటపడ్డవాళ్లు ఏమనుకోవాలి? మేం చావలేదు కాబట్టి మేం చెడ్డవాళ్లం అనుకోవాలా?

అదే కథలో ఇంకో పాఠం కళ్ల ముందే ఉంది. ప్రమాదం చీకట్లో దాక్కున్న అపరిచితుడి నుంచి రాలేదు, ఒకే కప్పు కింద ఉన్నవాడి నుంచి వచ్చింది. తల్లి కూలికి పోయిన వేళ వచ్చింది. బెదిరింపు పిల్ల నోరు మూయించింది. ముందే చెప్పుకోగలిగి ఉంటే ఆమె బతికేదేమో. పేదరికం, తండ్రి లేకపోవడం, అమ్మ పొలంలో, పిల్ల ఇంట్లో. మన గూడేల్లో ఇలాంటి ఇళ్లు మనకి తెలుసు కదా. ఈ కోణంలో చెప్తే అదే కథ పిల్లల్ని కాపాడే కథ అవుతుంది. ఇప్పుడు కొందరు ఉపదేశకులు అలాగే చెప్తున్నారు కూడా.

చెప్పిన పిల్లాడికి ఏమైంది

ధైర్యం చేసి చెప్పిన పిల్లలు లేరా? ఉన్నారు. ఐర్లండ్‌లో 1975లో పద్నాలుగేళ్ల అబ్బాయి ఒకడు బ్రెండన్ స్మిత్ అనే గురువు తనని ఏం చేస్తున్నాడో చెప్పాడు. చర్చి లోపల విచారణ పెట్టారు. అబ్బాయిని లోపలికి పిలిచారు, వెంట వచ్చిన తండ్రిని బయటే ఉంచారు. మాటలన్నీ రాసుకున్నారు. తనతోపాటు ఇంకా ఏ పిల్లలు ప్రమాదంలో ఉన్నారో ఆ అబ్బాయి పేర్లతో సహా చెప్పాడు. చివర్లో ఇక్కడ జరిగింది ఎవరికీ చెప్పనని అతని చేత ప్రమాణం చేయించి సంతకం పెట్టించారు. పేర్లు చెప్పిన ఆ పిల్లల తల్లిదండ్రులకీ చెప్పలేదు, పోలీసులకీ చెప్పలేదు. స్మిత్ ఇంకో పద్దెనిమిది, పందొమ్మిదేళ్లు బయటే తిరిగాడు. 1994లో బెల్‌ఫాస్ట్ కోర్టులో నేరం ఒప్పుకుని జైలుకెళ్లాడు. అతన్ని ఉత్తర ఐర్లండ్‌కి అప్పగించడంలో జరిగిన ఆలస్యం మీద గొడవ ముదిరి 1994 నవంబరులో ఐర్లండ్ ప్రభుత్వమే పడిపోయింది. 1975లో ఆ విచారణలో రాతపని చేసిన గురువు షాన్ బ్రేడీ తర్వాత కార్డినల్ అయ్యారు. 2010లో ఈ సంగతి బయటికి వచ్చాక క్షమాపణ చెప్పారు.

ఇందులో గమనించాల్సింది ఏమిటంటే, ఆ అబ్బాయి మంచి కథోలిక పిల్లాడు. ప్రమాణం అంటే ఏంటో ఇంట్లో, బడిలో నేర్చుకున్నాడు. దేవుడి మీద ఒట్టు తప్పకూడదని వాడికి నేర్పిన నియమమే వాడి నోటికి తాళం అయింది.

కెనడాలో ఆదివాసీ పిల్లలు

ఇక్కడిదాకా చెప్పింది ఇంట్లో అమ్మానాన్న ఉన్న పిల్లల సంగతి. ఇల్లే లేకుండా చేస్తే?

కెనడా ప్రభుత్వం 1880ల నుంచి ఆదివాసీ పిల్లల కోసం రెసిడెన్షియల్ బడులు పెట్టి నడపడం చర్చిలకు అప్పగించింది. వాటిలో సగానికి పైగా కథోలిక సంస్థలు నడిపినవి. 1920లో చట్టం మార్చి బడికి పంపడం తప్పనిసరి చేశారు. మొత్తం మీద లక్షా యాభై వేలమందికి పైగా పిల్లలు ఆ బడుల్లోంచి వెళ్లారు. చివరి బడులు మూతపడింది 1990ల్లో. జుట్టు కత్తిరించారు, పేర్లు మార్చారు, సొంత భాష మాట్లాడితే కొట్టారు.

ఆ ప్రాంతాల్లో మతం నేర్పడానికి బొమ్మల పటాలు వాడేవాళ్లు. ఆల్బర్ట్ లకోంబ్ అనే గురువు 1870ల్లో తయారుచేసిన పటం బాగా పేరుపడింది. పొడుగాటి కాగితం మీద రెండు దారులు ఉంటాయి, ఒకటి పరలోకానికి, ఒకటి నరకానికి. చదువు రానివాళ్లకి కూడా అర్థమవ్వాలని గీసిన బొమ్మ. కానీ గోడ మీద అలాంటి బొమ్మ చూస్తూ పెరిగిన పిల్లకి, అమ్మమ్మ చేసే పూజ, తాత పాడే పాట ఏ దారిలో ఉన్నట్టు అనిపిస్తుంది? తన ఇంటివాళ్లే చెడ్డ దారిలో ఉన్నారని నమ్మిన పిల్ల, కష్టం వస్తే ఇంటివాళ్లకి చెప్పుకుంటుందా?

దూరం ఒకటే సమస్య అయితే సెలవుల్లో చెప్పుకునేవాళ్లు. ఇక్కడ భాష కూడా పోయింది. ఐదేళ్ల తర్వాత ఇంటికి వచ్చిన పిల్లకి అమ్మ భాష రాదు, అమ్మకి ఇంగ్లిష్ రాదు. కడుపులో మాట చెప్పుకోవడానికి ఇద్దరి మధ్యా భాషే లేదు.

2008 నుంచి 2015 దాకా సత్య, సయోధ్య కమిషన్ దేశమంతా తిరిగి ఆరు వేలమందికి పైగా మనుషుల వాంగ్మూలాలు విన్నది. 3,200 మంది పిల్లల చావులు నమోదు చేసింది. లైంగిక, తీవ్రమైన శారీరక హింసకు పరిహారం కోరుతూ విడిగా వచ్చిన దరఖాస్తులు సుమారు 38 వేలు (ఇవి అన్ని చర్చిల బడులవీ కలిపి). కమిషన్ ఇచ్చిన 94 సిఫార్సుల్లో ఒకటి, పోపుగారు ఏడాదిలోగా కెనడా గడ్డ మీదికి వచ్చి క్షమాపణ చెప్పాలని. ఏడేళ్లు పట్టింది. 2022 జూలై 25న ఆల్బెర్టా రాష్ట్రంలోని మస్క్వాచీస్‌లో ఫ్రాన్సిస్ పోపుగారు ఆదివాసీ పెద్దల ముందు క్షమాపణ అడిగారు.

అమెరికా: నియమాల పక్కన భద్రత పాఠం

పిల్లలకు భద్రత కూడా జ్ఞానోపదేశంతో పాటే నేర్పాలి అన్న మాట చర్చికి తనంతట తానుగా తట్టలేదు. దెబ్బతిన్న పిల్లలు పెద్దవాళ్లై కోర్టుకెక్కాక వచ్చింది.

1985లో లూసియానాలో గిల్బర్ట్ గోతే అనే గురువు నేరం ఒప్పుకుని ఇరవై ఏళ్ల శిక్ష పొందాడు. అదే ఏడాది ఒక గురువు, ఒక లాయరు, ఒక మానసిక వైద్యుడైన గురువు కలిసి ఇది ఇక్కడితో ఆగదని మేత్రాణులకు నివేదిక ఇచ్చారు. పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. 2002 జనవరి 6న బోస్టన్ గ్లోబ్ పత్రిక జాన్ గేగన్ అనే గురువు సంగతి రాసింది. 130 మందికి పైగా అతని మీద ఫిర్యాదు చేశారు, అయినా అతన్ని ఒక విచారణ నుంచి ఇంకో విచారణకి మారుస్తూ పోయారు. ఏడాది తిరిగేలోగా బోస్టన్ కార్డినల్ బెర్నార్డ్ లా రాజీనామా చేశారు. తర్వాత 2004లో మేత్రాణులే అడిగి జాన్ జే కాలేజీ చేత చేయించిన అధ్యయనంలో లెక్క తేలింది: 1950 నుంచి 2002 దాకా 4,392 మంది గురువుల మీద ఆరోపణలు, 10,667 మంది పిల్లలు.

2002 జూన్‌లో డాలస్‌లో కూర్చున్న అమెరికా మేత్రాణులు ఒక చార్టర్ ఆమోదించారు. దాని ప్రకారం ప్రతి పీఠంలోనూ పిల్లలకు, తల్లిదండ్రులకు, టీచర్లకు, ఉపదేశకులకు భద్రత శిక్షణ ఇవ్వాలి. పిల్లల మధ్య పనిచేసే ప్రతి మనిషి పాత చరిత్ర తనిఖీ చెయ్యాలి. ఇవి జరుగుతున్నాయో లేదో ప్రతి ఏడాదీ ఆడిట్ ఉండాలి.

ఆ శిక్షణల్లో పెద్దవాళ్లకి చెప్పేది చాలా మామూలు మాటే. పిల్లలతో ఒంటరిగా ఉండటానికే చూసేవాడిని గమనించండి. ఇంట్లో అడక్కుండా పిల్లలకి బహుమతులు ఇచ్చేవాడిని, "మన ఇద్దరి మధ్యే ఉండాలి" అనేవాడిని, నియమాలు తనకి వర్తించవు అనుకునేవాడిని గమనించండి. అలాంటివాడు పిల్ల కన్నా ముందు ఇంటివాళ్ల నమ్మకం సంపాదిస్తాడు. పిల్లలకి చెప్పేది ఇంకా సులువు. నీ ఒళ్లు నీది. ఇబ్బంది పెట్టే ముట్టుకోవడాన్ని వద్దు అనొచ్చు, ఎవరు చేసినా సరే. అక్కణ్ణుంచి వచ్చెయ్. నమ్మకమున్న పెద్దవాళ్లకి చెప్పు. ఒకరు వినకపోతే ఇంకొకరికి చెప్పు. తప్పు నీది కాదు.

ఐర్లండ్‌లో ఇలాంటి పాఠ్యక్రమం అంతకుముందే, 1991లోనే, ప్రాథమిక బడుల్లోకి వచ్చింది. అక్కడ ప్రాథమిక బడుల్లో అత్యధికం చర్చి ఆధీనంలోనివే.

తల్లిదండ్రులు ఎందుకు ఎదురు తిరిగారు

రెండు దేశాల్లోనూ కొందరు కథోలిక తల్లిదండ్రులు ఈ పాఠాల్ని వ్యతిరేకించారు. వాళ్ల మాట కొట్టిపారెయ్యడానికి లేదు. వాళ్లు అన్నది మూడు రకాలు. పిల్లల మొదటి గురువులు తల్లిదండ్రులే అని చర్చే చెప్తుంది, మరి మమ్మల్ని అడక్కుండా మా పిల్లలకి ఇవి ఎలా చెప్తారు? చిన్న వయసులో పిల్లల మనసు నిర్మలంగా ఉండనివ్వాలని 1995లో వాటికన్ కుటుంబ మండలి పత్రంలో కూడా ఉంది కదా? అన్నిటికన్నా గట్టిది మూడోది: తప్పు చేసింది మీ గురువులు, దాచింది మీ మేత్రాణులు, ఇప్పుడు కాపలా కాసుకునే బరువు ఏడేళ్ల పిల్ల నెత్తిన పెడతారా?

మూడో మాట నూటికి నూరుపాళ్లు నిజం. కాపాడాల్సింది పెద్దవాళ్లే, పిల్ల కాదు. కానీ పెద్దవాళ్లందరూ కాపాడతారన్న నమ్మకంతోనే కదా ఇన్నేళ్లు గడిచింది. పిల్లకి మాటలు ఇవ్వడం అంటే బరువు ఇవ్వడం కాదు, పెద్దవాళ్లని పిలిచే దారి ఇవ్వడం. ఇక నిర్మలత్వం సంగతి. ఒళ్లు గురించి పేర్లు తెలిస్తే మనసు పాడవుతుందనుకున్న రోజుల్లో పిల్లలు పాడవలేదు, పెద్దవాళ్ల చేతుల్లో నలిగారు, దాన్ని చెప్పుకోవడానికి పేరు లేకుండా నలిగారు.

మొదటి మాటకి మాత్రం మంచి జవాబే దొరికింది. చాలా పీఠాల్లో తల్లిదండ్రులకి ముందే పాఠం చూపించి, ఇష్టం లేకపోతే ఇంట్లోనే చెప్పుకునే వీలు ఇచ్చారు. ఇంట్లో జపమాల తర్వాత, పది ఆజ్ఞలు చెప్పే నోటితోనే, "నిన్ను ఎవరైనా ఇబ్బంది పెడితే నాకు చెప్పు, గురువుగారైనా సరే, మామయ్యైనా సరే, నేను నిన్నే నమ్ముతాను" అని అమ్మ చెప్తే అంతకు మించిన పాఠం ఏ పుస్తకంలో ఉంటుంది?

చర్చి చట్టం కూడా మెల్లగా కదిలింది. ఇలాంటి సంగతి తెలిసిన గురువులు, మఠకన్యలు చర్చి అధికారులకు తప్పనిసరిగా తెలియజెయ్యాలని 2019 మే నెలలో ఫ్రాన్సిస్ పోపుగారు నియమం పెట్టారు. అదే ఏడాది డిసెంబరులో ఈ కేసుల మీద ఉన్న పోపు రహస్యం అనే నిబంధన ఎత్తేశారు. 1975లో ఆ అబ్బాయి చేత చేయించిన లాంటి ప్రమాణం ఇప్పుడు చేయించకూడదు. ఫిర్యాదు చేసినవాళ్లని మౌనంగా ఉండమని కట్టడి చెయ్యడానికి వీల్లేదు.

ఇక మన దగ్గరికి వద్దాం

2007లో కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ 13 రాష్ట్రాల్లో, అందులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది, 12 వేలమందికి పైగా పిల్లల్ని కలిసి అధ్యయనం చేసింది. 53 శాతం మంది ఏదో ఒక రకమైన లైంగిక వేధింపు ఎదుర్కొన్నామని చెప్పారు. చేసినవాళ్లలో సగం మంది పిల్లలకి తెలిసినవాళ్లు, పిల్లలు నమ్మినవాళ్లు. చాలామంది పిల్లలు ఎవరికీ చెప్పనే లేదు. మతంతో సంబంధం లేదు, ఇది మనందరి లెక్క.

2012లో పోక్సో చట్టం వచ్చింది. దానిలో మన హాస్టళ్లకి పనికొచ్చే సంగతులు ఇవి, దయచేసి గుర్తుపెట్టుకోండి:

• నేరం జరిగిందని తెలిసిన ఎవరైనా పోలీసులకి చెప్పి తీరాలి (సెక్షన్ 19). చెప్పకపోతే అదే నేరం. సంస్థ నడిపేవాళ్లు తమ కింది ఉద్యోగి సంగతి దాస్తే శిక్ష ఇంకా ఎక్కువ (సెక్షన్ 21). అంటే వార్డెనూ, హెచ్‌ఎమ్మూ, ఫాదరూ, సిస్టరూ, అందరూ దీని కిందికి వస్తారు. "హాస్టల్ పరువు పోతుంది" అన్నది చట్టంలో కారణం కాదు.
• మంచి ఉద్దేశంతో సమాచారం ఇచ్చినవాళ్ల మీద కేసు పెట్టడానికి లేదు.
• పిల్ల మాట ఇంటి దగ్గరో, పిల్లకి నచ్చిన చోటో రాసుకోవాలి. పోలీసు యూనిఫాంలో ఉండకూడదు. వీలైనంతవరకు ఎస్సై స్థాయి మహిళా అధికారి రావాలి.
• అవసరమైతే అనువాదకుల్ని పెట్టొచ్చు. కోయ, గోండి, సవర, కువి, ఏ భాషలోనైనా పిల్ల తన మాటల్లోనే చెప్పొచ్చు. తెలుగు సరిగా రాదని ఎవరూ వెనక్కి పంపకూడదు.
• పిల్లల హెల్ప్‌లైన్ 1098. హాస్టల్ గోడ మీద ఈ నంబరు లేకపోతే మనమే రాయిద్దాం.

కెనడా కథ చదివాక నాకు భాష సంగతే ఎక్కువ బలంగా తగిలింది. మన ఇళ్లలో ఒంటి భాగాలన్నిటికీ మన భాషలో పేర్లున్నాయి. పిల్లకి ఆ పేర్లు సిగ్గు లేకుండా రావాలి. హాస్టల్‌కి పంపే ముందు అమ్మ, అవ్వ, అక్క, ఎవరో ఒకరు మన భాషలోనే చెప్పి పంపాలి: ఇది నీ ఒళ్లు, ఎవరు ముట్టుకున్నా నాకు చెప్పు, నిన్ను తిట్టను, బడి మాన్పించను. ఈ చివరి మాట మర్చిపోవద్దు. చదువు మాన్పిస్తారన్న భయంతోనే మన పిల్లలు చాలామంది నోరు మూసుకుంటారు.

సెలవుల్లో ఇంటికి వచ్చిన తమ్ముణ్ణి, చెల్లిని "మార్కులెన్ని?" అని అడుగుతాం. దాంతోపాటు "అక్కడ ఎవరంటే భయం? రాత్రిపూట ఎవరు వస్తారు? ఒంట్లో బాగోకపోతే ఎవరికి చెప్తావ్?" అని కూడా అడుగుదాం. అడిగాక వాళ్లు చెప్పేది పూర్తిగా విందాం, మధ్యలో "సార్ అలాంటోడు కాదులే" అనకుండా.

పూజ చేసే ఇంట్లో పూజ, జపమాల చెప్పే ఇంట్లో జపమాల, పెర్సాపేన్ ముందు మొక్కే ఇంట్లో ఆ మొక్కు, ఏది ఉన్నా పిల్లలకి నియమాలు నేర్పడం మనం మానం, మానక్కర్లేదు కూడా. ఆ నియమాలు నేర్పిన పెద్దవాడే నియమం తప్పితే ఏం చెయ్యాలో కూడా అదే రోజు, అదే నోటితో నేర్పాలి. దాన్ని పిల్లలకి విడిచిపెట్టినందుకు ఎన్ని వేలమంది ఎన్నేళ్లు మోశారో పైన చూశాం.

మీ హాస్టల్లో ఇలాంటి పాఠం ఎప్పుడైనా జరిగిందా, ఎవరు చెప్పారు, ఏ భాషలో చెప్పారు, కింద రాయండి. పిల్లల పేర్లు, ఊర్ల పేర్లు మాత్రం రాయొద్దు. ఎవరికైనా ఇప్పుడు సాయం అవసరమైతే ఇక్కడ పోస్టు పెట్టకుండా నేరుగా 1098కి చెయ్యండి.

జోహార్.